బండి స్లోలో ఆగిపోతోందా? స్క్రూ ముట్టుకోకముందు ఇది చదవండి

ఈసారి ఉత్తరాల సంచి విప్పితే దాదాపు అందరిదీ ఒకటే గోల, బండి పరిగెడితే బానే ఉంటది, ఆగితేనే, అంటే కాలు తీసి ఇంజన్ స్లోలో తనంతట తను మెల్లగా తిరిగేటప్పుడే, ఇంజన్ ఆగిపోతది. అందుకని ఈ నెల మిగతావన్నీ పక్కన పెట్టి దీన్నే పట్టుకుందాం. టైర్ల గురించి రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీ వంతు.

తెనాలి నుంచి ఒక పాఠకుడు: సార్, మాది 1998 మారుతి 800, కార్బొరేటర్ది, నాన్నగారు కొన్న బండి. రోడ్డెక్కితే ఏ కంప్లయింటూ లేదు, రైల్వే గేటు దగ్గర కాలు తీస్తే రెండు మూడు సార్లు వణికి ఠపీమని ఆగిపోద్ది. ముగ్గురికి చూపించాం. ఒకరు ప్లగ్గులు మార్చారు, ఒకరు కార్బొరేటర్ కిట్ వేశారు, మూడో ఆయన స్లో పెంచి పంపాడు. అదయ్యాక ఆగట్లేదు కానీ గేర్లో ఉంటే కాలు తీసినా బండి తనంతట తనే పోతోంది, పెట్రోలు కూడా బాగా తాగుతోంది, మళ్ళీ ఈ వారం నుంచి ఆగటం మొదలెట్టింది. ఇంట్లో అమ్మేయమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

అమ్మకండి సార్. ముందు ఆ పెంచిన స్లో తగ్గించండి. జ్వరం మాత్ర మింగించి థర్మామీటర్ పెడితే ఏం తెలుస్తది? మీ మూడో మెకానిక్ చేసింది అదే. బండి ఆగకుండా చేశాడు కానీ ఎందుకు ఆగుతోందో చూడలేదు.

ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు లోపల జరిగేది ఒకసారి వినండి, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే పట్టేస్తారు. మీరు కాలు తీయగానే కార్బొరేటర్లో, అంటే గాలీ పెట్రోలూ కలిపే డబ్బాలో, గాలి దారికి అడ్డంగా ఉండే త్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతది. కింద పిస్టన్లు గాలి కోసం లాగుతూనే ఉంటయి, దారి మూసేసి ఉంటది, దాంతో ఆ రేకు కింద గట్టి వాక్యూమ్ తయారవుతది. ఆ టైములో పెట్రోలు మెయిన్ జెట్ లోంచి రాదు, స్లో జెట్ అని సన్నటి దారి ఇంకోటి ఉంటది, దాంట్లోంచి వస్తది. అంటే ఇంజన్ ఆ కాసేపూ చెంచాడు పెట్రోలు, చిటికెడు గాలి మీద బతుకుతోందన్నమాట. ఎక్కడో ఒక రబ్బరు పైపు పగిలి దొంగగాలి లోపలికి దూరిందనుకోండి, అరవై స్పీడులో పోయేటప్పుడు ఆ గాలి సముద్రంలో కాకిరెట్ట, ఇంజన్‌కి తెలియను కూడా తెలియదు. స్లోలో మాత్రం అదే గాలి పీక నొక్కేస్తది. స్లో జెట్లో నలుసు పడ్డా ఇంతే, స్పీడులో తెలియదు, గేటు దగ్గర తెలుస్తది.

అందుకే రోడ్డు మీద బాగుండి ఆగినప్పుడే చచ్చే బండికి నేను ముందు రెండే చూస్తా, స్లో జెట్‌కి పెట్రోలు వస్తోందా, దొంగదారిన గాలి పోతోందా. ప్లగ్గులూ కాయిలూ ఆ తర్వాత.

పెట్రోలు సంగతి ముందు. మీ కార్బొరేటర్‌కి ఒక వైరు వచ్చి తగిలిన చిన్న డబ్బీ లాంటిది ఉంటది, ఫ్యూయల్ కట్ సోలనాయిడ్ అంటారు. తాళం తిప్పగానే దానికి కరెంటు వచ్చి లోపలి సూది వెనక్కి జరిగి స్లో దారి తెరుచుకుంటది, తాళం తీస్తే మూసుకుంటది. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్‌లో పెట్టి, ఆ వైరు పీకి మళ్ళీ తగిలించండి, టిక్ మని వినపడాలి. వినపడకపోతే వైరుకి 12 వోల్టులు వస్తున్నాయేమో టెస్టర్‌తో చూడండి, వస్తుంటే సోలనాయిడ్ పోయినట్టు, రాకపోతే వైరో ఫ్యూజో చూడాలి. టిక్ మన్నా సరే ఇంకో పరీక్ష ఉంది, ఇంజన్ స్లోలో తిరుగుతుండగా ఆ వైరు పీకండి, ఆగిపోవాలి. ఏమీ తేడా రాలేదంటే ఇంజన్ అసలు స్లో జెట్ మీద తిరగట్లేదు, ఎవరో స్క్రూ తిప్పి రేకు తెరిచి పెడితే పై దారుల్లోంచి వచ్చే పెట్రోలుతో నెట్టుకొస్తోంది. మీ బండి ఇదే అయ్యుంటదని నా అనుమానం. కొంతమంది మహానుభావులు ఈ సోలనాయిడ్ పాడైతే దాని సూది కోసేసి మళ్ళీ బిగిస్తారు, అప్పుడు తాళం తీసినా ఇంజన్ డుగ్ డుగ్ మంటూ కాసేపు తిరుగుతది, అలా తిరుగుతుంటే మీకు తెలిసిపోతది ఎవరి పనో.

సోలనాయిడ్ బాగుంటే స్లో జెట్ విప్పి క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. పిన్నీసు, గుండుసూది పెట్టి పొడవకండి, దాని రంధ్రం కొలత పెట్టి చేసింది, ఒకసారి పెద్దదైతే ఇక కొత్తదే. కిట్ వేశారన్నారు కదా, కిట్ అంటే ప్యాకింగులూ డయాఫ్రమ్లూ మారతయి, లోపలి సన్నటి దారులు కడిగారో లేదో అడగండి.

ఇక గాలి. బోనెట్ ఎత్తి ఇంజన్ స్లోలో పెట్టి చెవి పెట్టండి, సన్నగా ఉస్స్ మంటోందా? ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న పైపు, ట్యాపెట్ కవర్ నుంచి వచ్చే పైపు, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని లావు పైపు, ఒక్కోదాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకోండి. ఏది నొక్కితే ఇంజన్ సౌండు మారిందో దొంగ అక్కడే. పైనుంచి చూసి బానే ఉందనుకోకండి. విజయవాడ ఆటోనగర్లో పని నేర్చుకున్న కొత్తలో ఇలాంటి 800కే నేను నాలుగు రోజులు కూచున్నా, కాయిల్ మార్చా, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చా, కార్బొరేటర్ రెండుసార్లు దించా, చివరికి చూస్తే డిస్ట్రిబ్యూటర్ పైపు కింది వైపు చీలి ఉంది, పైనుంచి కొత్తదానిలా మెరుస్తోంది. జానెడు పైపు ముక్క. ఆ రోజు మా మేస్త్రీ ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

పైపులన్నీ బాగుంటే కార్బొరేటర్ కింద చూడండి. కార్బొరేటర్‌కీ, సిలిండర్లకి గాలి పంచే గొట్టం మానిఫోల్డ్‌కీ మధ్య వేడి తగలకుండా ఒక మందపాటి ప్యాకింగ్ ముక్క ఉంటది, పాతబడితే అది వంగుతది, పగుళ్ళొస్తయి, లేదా నట్లు లూజవుతయి. చిన్న సీసాతో సబ్బునీళ్ళు ఆ అతుకు చుట్టూ కొద్దికొద్దిగా చల్లండి. బుడగలొస్తాయని చూడకండి, అది పంక్చర్ షాపు పద్ధతి, ఇక్కడ గాలి బయటికి రాదు, లోపలికి పోతది. నీళ్ళు ఆ సందు కాసేపు మూసేస్తే ఇంజన్ సౌండు మారుతది, అదే గుర్తు. డిస్ట్రిబ్యూటర్ మీదా ప్లగ్ వైర్ల మీదా పడనివ్వకండి. షాపుల్లో దీనికి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు, పనిచేస్తది కానీ వేడి సైలెన్సర్ పక్కన అది నిప్పుతో చెలగాటం, ఇంటి దగ్గర వద్దు.

ఈ రెండూ తేలాకే కరెంటు వైపు రండి. మీది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్, స్లోలో కాస్త వణుకు దానికి పుట్టుకతోనే ఉంది, దానికి కంగారు పడొద్దు, కానీ మూడింట్లో ఒకటి మిస్సింగ్ కొడితే బలంలో మూడో వంతు పోయినట్టే కాబట్టి స్లోలో నిలబడలేదు. రాత్రిపూట లైట్లు ఆర్పి బోనెట్ ఎత్తి చూడండి, ప్లగ్ వైర్ల మీద నీలంగా మిణుకులు కనపడితే వైర్లు లీకు. పాయింట్లు ఉన్న బండైతే వాటి గ్యాప్, కండెన్సర్ చూపించండి. ట్యాపెట్లు, అంటే వాల్వుల గ్యాప్, ఎన్నాళ్ళ కింద సెట్ చేయించారు? వాల్వు గ్యాప్ మరీ టైటైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, స్లోలోనే ఎక్కువ తెలుస్తది.

అన్నీ అయ్యాక స్క్రూ. ముందు కాదు. పది కిలోమీటర్లు తిప్పి ఇంజన్ వేడెక్కాక, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, లైట్లు ఏసీ అన్నీ ఆపి, పెట్రోలు పాళ్ళు పెట్టే మిక్స్చర్ స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుకుంటూ పోండి, ఇంజన్ కుంటటం మొదలెట్టగానే ఆపి మళ్ళీ బయటికి తిప్పండి, సౌండు ఎక్కడ బాగా చురుగ్గా ఉందో అక్కడ వదిలేయండి, తర్వాత స్లో స్క్రూ తగ్గించి 900 ఆర్‌పీఎమ్ దగ్గరికి తెండి. మిక్స్చర్ స్క్రూని చివరిదాకా గట్టిగా బిగించకండి, దాని మొనకి గాడి పడితే ఇక జన్మలో ట్యూనింగ్ నిలవదు. 800 డ్యాష్‌బోర్డులో ఆర్‌పీఎమ్ మీటరు లేదు కాబట్టి మీటరున్న మెకానిక్ దగ్గర పెట్టించుకుంటే మేలు, చెవితో పెట్టేవాళ్ళున్నారు కానీ అందరి చెవులూ ఒకటి కావు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: నమస్తే అన్నా. నాది 2005 సాంట్రో. ఏసీ బంద్ ఉంటే మంచిగనే ఉంటది, ఏసీ ఆన్ చేసి సిగ్నల్ కాడ ఆగితే బండి ఊగి ఊగి బందయితది. సెన్సర్ పోయిందని ఒకాయన చాలా పైసలు అడుగుతుండు. నిజమేనా?

తమ్ముడూ, పైసలు ఇప్పుడే ఇయ్యకు. నీ బండికి కార్బొరేటర్ లేదు, ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే రకం, ఇందులో స్క్రూతో స్లో పెట్టే పద్ధతి లేదు. త్రాటిల్ బాడీ పక్కన ఐడిల్ కంట్రోల్ వాల్వు ఉంటది, ఏసీ కంప్రెసర్ పడగానే ఇంజన్ మీద బరువు పెరుగుతుంది కదా, అప్పుడు కంప్యూటర్ ఆ వాల్వుని కొంచెం తెరిచి గాలి పెంచి స్లో పడిపోకుండా చూస్తది. ఇన్నేళ్ళ బండిలో ఆ దారి నిండా నల్లటి మసి పేరుకుంటది, కంప్యూటర్ తెరవమన్నా గాలి పోయే సందుండదు. ముందు త్రాటిల్ బాడీ విప్పించి మసి తుడిపించు, ఆ వాల్వు దారి కూడా. క్లీనర్ నేరుగా వాల్వు మోటార్లోకి కొట్టొద్దని చెప్పు, గుడ్డ మీద కొట్టి తుడవాలి. బిగించాక ఇంజన్ స్లో కాసేపు ఎక్కువగా గానీ తక్కువగా గానీ ఉండొచ్చు, మసి ఉన్నప్పటి లెక్క కంప్యూటర్లో ఉంటది కదా, మళ్ళీ నేర్చుకోటానికి కొంచెం టైం ఇవ్వాలి.

ఇంకోటి, నువ్వు రాయలేదు కానీ నేను అడగాలి, గ్యాస్ కిట్ ఉందా? ఉంటే ఎప్పుడన్నా బ్యాక్‌ఫైర్ కొట్టి ఠాప్ మని పేలిందా? అలా పేలితే ఎయిర్ ఫిల్టర్ డబ్బాకీ త్రాటిల్‌కీ మధ్య రబ్బరు గొట్టం చిరిగిపోతది, అది ముడతల మధ్యలో చిరుగుతది, చేత్తో సాగదీసి చూస్తేనే కనపడతది. సెన్సర్ పోయిందన్నాయన్ని స్కానర్ పెట్టి ఏ కోడ్ వచ్చిందో చూపించమను. చూపించకపోతే ఇంకో షాపుకి పో.

శ్రీకాకుళం నుంచి: అన్నగారూ, నాది కార్బొరేటర్ జెన్. చోక్ కొంచెం లాగి ఉంచితే అస్సలు ఆగట్లేదు, ఎంత వేడెక్కినా అంతే. అలాగే నడిపేయొచ్చా?

నడపకండి, కానీ రోగం ఏంటో మీరే చెప్పేశారు, థాంక్స్. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాళ్ళు ఎక్కువవుతయి. అలా లాగినప్పుడే ఇంజన్ నిలబడుతోందంటే మామూలుగా దానికి పెట్రోలు తక్కువో గాలి ఎక్కువో అవుతోందన్నమాట, పైన తెనాలి ఆయనకి రాసిందంతా మీకూ వర్తిస్తది, పైపులు, కింద ప్యాకింగ్, స్లో జెట్. చోక్ లాగే నడిపితే ప్లగ్గులు నల్లబడతయి, ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీద ఆయిలు కడిగేస్తది, కొన్నాళ్ళకి ఆయిల్ గేజ్ పుల్ల తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు కొడతది. అప్పుడు ఖర్చు పైపు ముక్కతో పోదు.

నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు వల్లే నా పాత బండి ఆగిపోతోందని మా వీధిలో అందరూ అంటున్నారు. నిజమా, పుకారా?

మాస్టారూ, సగం నిజం. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. కొత్త బండ్లలో సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటది, అది చూసి కంప్యూటర్ పెట్రోలు కాస్త పెంచుకుంటది. కార్బొరేటర్‌కి కళ్ళు లేవు, వెనకటి పెట్రోలుకి పెట్టిన జెట్ల లెక్కే దానికి తెలుసు, కాబట్టి ఇంజన్‌కి పాళ్ళు కాస్త పల్చనవుతయి, ఆ పల్చదనం ముందు స్లోలోనే బయటపడతది. బండి ముందు నుంచీ బాగుంటే ఈ తేడాకే ఆగిపోదు, మిక్స్చర్ స్క్రూ కొంచెం బయటికి తిప్పి మళ్ళీ ట్యూన్ చేయిస్తే సరిపోతది. అప్పటికే చిన్న ఎయిర్ లీకు ఉన్న బండికైతే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తది, ఏళ్ళ తరబడి ట్యాంకులో అంటుకున్న జిగురుని కరిగించి తెచ్చి జెట్లలో పెడతది, పైగా గాల్లో తేమని పీల్చుకుంటది. నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్ళో, నెలకోసారి తీసే బండికి ఇది బాగా ఇబ్బంది. పెట్రోలు పైపులు ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి, ఫ్యూయల్ ఫిల్టర్ ఇదివరకటి కన్నా త్వరగా మార్చండి, బండి నెలలు నెలలు ఊరికే పెట్టేటట్టయితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు దించేయించండి. దేశంలో 2022లో 10 శాతం, 2025లో 20 శాతం కలపటం దాకా వచ్చారు, కాబట్టి ఇక పాత పెట్రోలు కోసం ఎదురుచూడటం దండగ.

డాలస్ నుంచి ఒక విద్యార్థి: అంకుల్, నేనిక్కడ ఎమ్మెస్ చేస్తున్నా, మన మ్యాగజైన్ అమ్మ ఫోటోలు తీసి పంపుద్ది. సెకండ్ హ్యాండ్ 1999 కరోలా కొన్నా, స్టాప్ సైన్ దగ్గర ఆగిపోతోంది. ఇక్కడ షాపుకి వెళ్తే చూడటానికే వంద డాలర్లకి పైగా అడుగుతున్నారు. నేనే ఏమన్నా చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు నాయనా, మీ దగ్గర మాకు లేని సుఖం ఒకటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు చదివే ఓబీడీ టూ సాకెట్ తప్పనిసరి, స్టీరింగ్ కింద ఉంటది. విడిభాగాలమ్మే పెద్ద షాపుల్లో చాలా చోట్ల ఉచితంగానే కోడ్ చదివి పెడతారు, లేదా చిన్న రీడర్ కొనుక్కో, ఆ డబ్బులు మొదటిసారికే వచ్చేస్తయి. పీ0505 వస్తే ఐడిల్ కంట్రోల్ వైపు చూడు, నీ కరోలాలో ఆ వాల్వు త్రాటిల్ బాడీతోనే కలిసి ఉంటది, మసి పట్టి ఇరుక్కోవటం దానికి మామూలే. పీ0171 వస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని కంప్యూటర్ ఏడుస్తోందన్నమాట, పైపులు వెతుకు, ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటే దాన్ని దానికోసమే అమ్మే క్లీనర్‌తో కడుగు, వేలు పెట్టకు, తీగ చాలా సున్నితం. వాల్వు విప్పాలంటే కూలెంట్ పైపులు అడ్డొస్తయి, ఇంజన్ చల్లారాకే ముట్టుకో. కోడ్ వచ్చిందని ఆ పేరున్న పార్టు వెంటనే ఆర్డర్ పెట్టకు, కోడ్ వీధి పేరు చెప్తది, ఇంటి నంబరు నువ్వే వెతుక్కోవాలి.

రెంటచింతల నుంచి ఒక పెద్దాయన: బాబూ, మాది తాతల నాటి పెట్రోలు అంబాసిడర్, సోలెక్స్ కార్బొరేటర్. పొద్దున పూట రాజాలా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం సెంటర్లో ఆగితే చాలు చచ్చిపోయి, అరగంట దాకా సెల్ఫ్ కొట్టినా లేవదు. అరగంట తర్వాత తనే లేస్తుంది. మా డ్రైవరు పంపు మీద తడిగుడ్డ వేస్తాడు, అది సరైనదేనా?

మీ డ్రైవరుకి నమస్కారం చెప్పండి. మీ ఊరి ఎండ గురించి నేను చెప్పేదేముంది, ప్రతి వేసవిలో పేపర్లో మీ ఊరి పేరే ఉంటది కదా. ఆ వేడికి తోడు బండి ఆగినప్పుడు గాలి తగలదు, ఇంజన్ వేడంతా పెట్రోలు పంపుకీ, పైపుకీ, కార్బొరేటర్ గిన్నెకీ ఎక్కుతది, లోపల పెట్రోలు మరిగి ఆవిరవుతది. పంపు ద్రవాన్ని తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు, దీన్నే వేపర్ లాక్ అంటారు. తడిగుడ్డ వేస్తే పంపు చల్లబడి ఆవిరి మళ్ళీ పెట్రోలవుతది, అందుకే అరగంట పట్టేది పదినిమిషాల్లో లేస్తది. డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్ళు కారకుండా చూసుకోమనండి.

కానీ ఒకటి తేల్చుకోవాలి, ఇదే లక్షణం కాయిల్‌కి కూడా ఉంటది. వేడెక్కితే కరెంటివ్వటం మానేసి చల్లారితే మళ్ళీ ఇచ్చే కాయిళ్ళు ఉంటయి. తేడా కనిపెట్టటం తేలికే, ఈసారి ఆగినప్పుడు తడిగుడ్డ పంపు మీద వెయ్యకముందే ఒక ప్లగ్ విప్పి, వైరు తగిలించే ఉంచి, ఇంజన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. చుట్టుపక్కల పెట్రోలు ఆవిరి ఉంటది కాబట్టి ఆ ప్లగ్ తీసిన రంధ్రానికీ కార్బొరేటర్‌కీ దూరంగా పట్టుకోవాలి, చేత్తో కాదు, రబ్బరు పిడి ఉన్న పటకారుతో. నీలంగా చిటపటలాడితే కాయిల్ బాగుంది, దోషం పెట్రోలుదే. ఎర్రగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కాయిల్, కండెన్సర్ మార్చించండి.

పెట్రోలుదే అని తేలితే పంపు నుంచి కార్బొరేటర్‌కి పోయే గొట్టం సైలెన్సర్ మానిఫోల్డ్‌కి ఎంత దగ్గరగా పోతోందో చూడండి, కాస్త దూరం జరిపించి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టించండి. రేడియేటర్ ఎప్పుడు కడిగించారో కూడా రాయండి. ఆ తడిగుడ్డ మాత్రం డిక్కీలోనే ఉండనివ్వండి, పక్కన నీళ్ళ సీసాతో సహా.